ఎన్ని అట్టలు, ఎన్ని రకాలు

గుడియాత్తం గళ్ళ లుంగీని చాపలా పరిచి, పడుగు పోగూ పేక పోగూ ఒకదాన్నొకటి దాటే చోట్లు ఎన్నున్నాయో లెక్కేద్దాం. అంగుళానికి 60 పడుగు పోగులు, 56 పేకలు అనుకోండి. 47 అంగుళాల పన్నాకి దాదాపు 2,800 పోగులు. రెండు మీటర్ల పొడవుకి దాదాపు 4,400 పేకలు. గుణిస్తే కోటీ ఇరవైమూడు లక్షల చోట్లు. ప్రతి చోటా జరిగేది రెండింట్లో ఒకటే: పడుగు పైనుంటుంది, లేదా కిందుంటుంది. పైనుంటే 1 అనీ, కిందుంటే 0 అనీ రాసుకుంటూ పోతే 4,400 అడ్డ వరసల పట్టిక తయారవుతుంది. అందులో ఒకదాన్ని పోలని ఒకటి, వేరువేరు వరసలు ఎన్నుంటాయి?

రెండు.

లుంగీ సాదా నేత గనక 1, 0, 1, 0 అని పోయే వరస ఒకటి, 0, 1, 0, 1 అని పోయేది ఇంకొకటి. మిగిలిన 4,398 వరసలూ ఈ రెంటికీ నకళ్ళే. అందుకే మా మగ్గానికి కాళ్ళ కింద రెండే తొక్కుడు కర్రలు ఉండేవి. ఈ రోజుల్లో సున్నాలూ ఒకట్లూ నిండిన పెద్ద పట్టికలో రకరకాల వరసలెన్నో తేల్చడం కంప్యూటరు వాళ్ళకి ఒక లెక్క. కంప్యూటరు రాకముందు ఆ లెక్కని కూలి కోసం, కట్టె కోసం, దారం కోసం వేసుకున్న వాళ్ళు ఎవరంటే, నాకు తెలిసి, నేతగాళ్ళే. మా నాయన వాళ్ళలో ఒకడు. లుంగీ నేత మానుకుని తర్వాతి రోజుల్లో ఆయన జకార్డు అట్టలు కొట్టేవాడు.

మాది నెల్లూరుపేట. పేరు చూసి నెల్లూరు జిల్లా అనుకోవద్దు, గుడియాత్తంలోనే ఒక పేట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు జిల్లాని విడదీసినప్పుడు మా ఊరు మద్రాసు వైపు మిగిలింది. 1960లో రెండు రాష్ట్రాల సరిహద్దు సవరించినప్పుడూ అక్కడే ఉంది. పలమనేరు బస్సెక్కితే ఘాటు దాటాక బోర్డులన్నీ తెలుగే. బయటివాళ్ళకి మా ఊరంటే అగ్గిపెట్టెలు, లుంగీలు, వైకాశి నెల మొదటి రోజు గంగమ్మ శిరసు తిరుణాళ్ళు. కాస్త రాజకీయం తెలిసినవాళ్ళయితే 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు ఉప ఎన్నికలో గెలిచింది ఇక్కడినుంచే అని గుర్తుచేస్తారు. ఎర్రకోట మీద ఎగిరిన తొలి జెండా మా ఊరి మగ్గం మీదే నేశారని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఆ వాదం జోలికి నేను పోను. నిజమైనా కాకపోయినా, జెండా గుడ్డ కూడా రెండు వరసల నేతే.

మరి గళ్ళ సంగతేమిటి? గళ్ళు వచ్చేది పైనా కిందా వల్ల కాదు, రంగుల వల్ల. పేకలో మూడు రంగులుంటే ఒక్కో రంగుకి రెండేసి వరసలు, మొత్తం ఆరు. నేసే మనిషికి ఆరు సంగతులు గుర్తుంటే చాలు, మిగతాదంతా క్రమం. ఆ క్రమం ఒక చీటీ మీద ఉండేది: తెలుపు 24, నీలం 8, తెలుపు 4, నీలం 8. అన్నీ సరి సంఖ్యలే. రంగురంగుల నాడెలు పెట్టుకునే పెట్టె మగ్గానికి ఒకవైపే ఉంటే, అటుపోయిన నాడె ఇటు తిరిగొస్తేనే రంగు మార్చడానికి కుదిరేది. అందుకని 7 పేకల నీలం గీత కావాలని వ్యాపారి అడిగితే, 6 గానీ 8 గానీ వేస్తామనేవాళ్ళు. చూసేవాళ్ళకి అది అందం కోసం చేసిన ఎంపికలా కనిపించేది.

ఇంకో చిన్న మెలిక ఉంది. పడుగు పోగుల్ని లేపి దించే కళ్ళ దారాల చట్టాన్ని మేం విళుదు అనేవాళ్ళం, తమిళ మాటే. లెక్క ప్రకారం సాదా నేతకి రెండు విళుదులు చాలు. మా మగ్గానికి నాలుగుండేవి. 2,800 పోగుల్ని రెండు చట్టాల్లోనే కూరితే కళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని నూలు తెగుతుంది. అందుకని నాలుగు చేసి, రెండేసి కలిపి కట్టేవాళ్ళు. చూడ్డానికి నాలుగు, పనికి రెండు. మగ్గం ముందు కొత్తగా కూర్చున్నవాళ్ళకి నాయన మొదట చెప్పే సంగతి ఇదే: కళ్ళకి కనబడేవి లెక్కపెట్టొద్దు, వేరుగా కదిలేవి లెక్కపెట్టు.

సాదా నేత దాటి ఒక అడుగు ముందుకేస్తే లెక్క కాస్త రుచికి వస్తుంది. జీన్సు గుడ్డలో, డ్రిల్లులో కనిపించే ఏటవాలు నేతని తీసుకోండి. నాలుగు విళుదుల మీద నేస్తే నాలుగు వరసలు: 1110, 0111, 1011, 1101. మళ్ళీ మొదటికి. నాలుగు విళుదుల్ని ఎన్ని రకాలుగా లేపొచ్చు? రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. అన్నీ లేపినా, అన్నీ దించినా నాడె పోయే దారే ఉండదు గనక ఆ రెండూ తీసేస్తే 14. ఆ 14లోంచి ఏరుకుని, ఏ క్రమంలో వాడాలో చెప్పడమే డిజైను. దానికో సూత్రం కూడా ఉంది. గుడ్డ పట్టికలో నిలువు వరసలు ఎన్ని రకాలో అన్ని విళుదులు కావాలి. అడ్డ వరసలు ఎన్ని రకాలో అన్ని తొక్కుడు కర్రలు కావాలి. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకునే చోటు మూరెడు. అందులో పది కర్రలు పట్టవు. అంటే మనిషి కాళ్ళ వెడల్పే గుడ్డ మీది పువ్వుకి హద్దు.

ఆ హద్దు దాటడానికి పట్టుచీర నేసేవాళ్ళు వేరే దారి చూసుకున్నారు. ఆరణిలో మా మేనమామ ఇంట్లో దాన్ని చూశాను. కంచిలో, ఆరణిలో దాని పేరు అడై. ఉప్పాడ జామ్దానీ నేసేచోట అలాంటిదాన్నే జాల అంటారు. పడుగు పోగులకి మీదినుంచి నిలువు దారాలు కట్టి, ఒక పేకకి లేవాల్సిన దారాలన్నిటినీ కలిపి ఒక ముడి వేస్తారు. పువ్వులో ఎన్ని రకాల వరసలుంటే అన్ని ముడులు. పక్కన కూర్చున్న పిల్లవాడు వరసగా ఒక్కో ముడినీ లాగుతాడు, నేసే మనిషి నాడె వేస్తాడు.

ఇక్కడే అసలు కిటుకు. పైకీ కిందికీ ఒకేలా ఉండే వజ్రం ఆకారపు బుటా ఒకటి 41 వరసలనుకోండి. దానికి 41 ముడులు అక్కర్లేదు. 21 చాలు. పిల్లవాడు 1 నుంచి 21 దాకా లాగి, మళ్ళీ 20 నుంచి 1కి దిగుతాడు. మామిడి పిందె అలా కాదు, దాని తోక ఒకవైపే వంగుతుంది, ఏ వరసా తిరిగిరాదు. అందుకే మా మామ మామిడి పిందెలున్న చీరంటే కూలి ఎక్కువ అడిగేవాడు. బుటా పెద్దదా చిన్నదా అని కాదు, అందులో ఎన్ని వరసలు తిరిగొస్తాయి అన్నది ఆయన బేరం. ముడి వేయడమంటే చీర మొదలుపెట్టకముందే కొన్ని రోజుల పని. ఆ రోజులకి ఎవరూ కూలి ఇవ్వరు, చీర కూలిలోంచే రావాలి.

ఈ ముడుల మగ్గం మన దక్షిణాదికి ఎప్పుడొచ్చింది అన్నదాని మీద చరిత్రకారులు ఒక్కమాట మీద లేరు. చోళుల శాసనాల్లో మగ్గం మీద పన్ను ఉంది, దాని పేరు తరి ఇరై. అచ్చుతరి అనే మగ్గం పేరూ తమిళ శాసనాల్లో కనిపిస్తుంది. అది డిజైను నేసే మగ్గమేనని, అంటే తురుష్కుల రాకకి ముందే ఇక్కడ ఆ విద్య ఉందని చరిత్రకారిణి విజయ రామస్వామి వాదించారు. పర్షియా నుంచి చాలా తర్వాత వచ్చిందని ఇంకొందరి మాట. నాకైతే ఆ వాదంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ముడుల మగ్గం ఎప్పుడు వచ్చినా, నకలు వరసకి కొత్త ముడి వేయనక్కర్లేదని తెలుసుకున్నది మాత్రం పూట కూలి పోగొట్టుకుని ముడులు వేసిన మనిషే అయివుంటాడు. ఆ మాట శాసనాల్లోకి ఎక్కదు.

ఫ్రాన్సులోని లియాన్‌లో ఇదే కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడా పట్టు మగ్గం పక్కన తాళ్ళు లాగే పిల్లలుండేవాళ్ళు. 1725లో బసీల్ బూషాన్ రంధ్రాలున్న కాగితపు చుట్టతో తాళ్ళని ఎంపిక చేయించాడు. 1728లో ఫాల్కన్ ఆ కాగితాన్ని విడివిడి అట్టలుగా మార్చాడు. 1745 నాటికి వోకాన్సన్ ఆ యంత్రాన్ని మగ్గం నెత్తిమీదికి ఎక్కించాడు. వీళ్ళందరి పనినీ కలిపి 1804లో జోసెఫ్ మరీ జకార్డు పనికొచ్చేలా చేశాడు, పేరు ఆయనకే దక్కింది. అట్టలో రంధ్రం ఉంటే సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగుని లేపుతుంది. రంధ్రం లేకపోతే సూది వెనక్కి నెట్టబడుతుంది, పోగు కిందే ఉంటుంది. 1, 0. ఒక పేకకి ఒక అట్ట.

జకార్డు గురించి చెప్పేవాళ్ళంతా అది కంప్యూటరుకి తాతముత్తాత అంటారు. తొలి కంప్యూటరుని ఊహించిన బాబేజ్ దగ్గర జకార్డు బొమ్మ నేసిన పట్టు గుడ్డ ఉండేదనీ, 1839లో కార్కియా నేసిన ఆ బొమ్మకి దాదాపు 24,000 అట్టలు పట్టాయనీ చెబుతారు. నిజమే. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హోలరిత్ వాడిన అట్టలదీ అదే వంశం. కానీ మా ఇంటి లెక్క ప్రకారం జకార్డు ఒక విషయంలో వెనకడుగు. ముడుల మగ్గానికి ఎన్ని రకాల వరసలున్నాయో తెలియాలి. జకార్డుకి తెలియక్కర్లేదు. దానికి ఎన్ని వరసలున్నాయో అంతే. 41 వరసల వజ్రానికి 21 ముడులు సరిపోయిన చోట, జకార్డు గొలుసుకి 41 అట్టలు కుట్టాలి. అట్టల గొలుసు తిరిగే గుండుని వెనక్కి తిప్పే ఏర్పాటున్న మగ్గమైతే సగం అట్టలు మిగులుతాయి గానీ, పువ్వు మధ్యలో ఎక్కడో తిరిగొచ్చే వరస ఉంటే ఆ తిప్పుడు పనికిరాదు. జకార్డు ఆదా చేసింది పిల్లవాడి కూలిని. దానికి బదులు అట్టని ధారాళంగా ఖర్చుపెట్టింది. అట్ట చవక, మనిషి ఖరీదు అయిన ఊళ్ళో అది మంచి బేరం. మా ఊళ్ళో చాలాకాలం రెండోది చవక, మొదటిది ఖరీదు.

అట్టలు కొట్టే పని ఎలా ఉండేదో చెబుతాను, ఇప్పుడు చూసినవాళ్ళు తక్కువ.

డిజైను గళ్ళ కాగితం మీద వచ్చేది. అడ్డంగా 120 గళ్ళు, ఎందుకంటే మేం ఎక్కువగా కొట్టింది 120 కొక్కేల జకార్డుకి. నిలువునా బుటాకి ఎన్ని పేకలుంటే అన్ని. పువ్వు ఎక్కడుంటే అక్కడ గడి ఎర్రరంగుతో నింపి ఉంటుంది. నాయన ముందు రెండు ఇనప పలకలు, వాటి మధ్య ఖాళీ అట్ట. పై పలకలో రంధ్రాలు, రంధ్రంలో పోగర పెట్టి సుత్తితో ఒక దెబ్బ. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, కాగితం మీద స్కేలు అడ్డం పెట్టుకుని చదవాలి. "పన్నెండు వదులు, మూడు కొట్టు, అయిదు వదులు, ఒకటి కొట్టు..." ఇలా 120 దాకా. చివర కూడి చూసి 120 రాకపోతే ఆ వరస మళ్ళీ మొదట్నుంచి. సున్నా సున్నా సున్నా అని పన్నెండుసార్లు అనడం కంటే "పన్నెండు వదులు" అనడం సులువని ఎవరూ నేర్పలేదు, అట్టలు కొట్టే ప్రతి ఇంట్లోనూ అలాగే చదివేవాళ్ళు. బొమ్మల ఫైళ్ళని కుదించడానికి కంప్యూటర్లలో వాడే పద్ధతుల్లో ఒకటి సరిగ్గా ఇదేనని చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసులో తెలిసింది.

కూలి అట్ట లెక్కన. ఎన్ని అట్టలైతే అన్ని పైసలు. కానీ కష్టం అట్ట లెక్కన కాదు, కొత్త వరస లెక్కన. చదువుతూ చదువుతూ ఒక్కోచోట నేను ఆగి, "పదకొండో దాని మాదిరే ఉంది నాయనా" అంటే ఆయన మొహం వెలిగేది. ఇక చదవక్కర్లేదు. పదకొండో అట్టని ఖాళీ అట్ట మీద పెట్టి, ఉన్న రంధ్రాల్లోంచి పోగర దించుకుంటూ పోవడమే. చదువు లేదు, కూడిక లేదు, తప్పు లేదు, కూలి మాత్రం అంతే. అందుకని కాగితం చేతికి రాగానే ఆయన చేసే మొదటి పని పెన్సిలుతో పక్కన గీతలు గీసుకుంటూ ఏ వరస దేనికి నకలో పట్టుకోవడం. "400 అట్టలు, రకాలు 170" అని కాగితం మూలన రాసుకునేవాడు. మొదటిది వ్యాపారికి చెప్పే అంకె. రెండోది ఎప్పటికి ఇవ్వగలమో మాకు చెప్పే అంకె.

400 వరసల్లో నకళ్ళు పట్టడం ఎలా? ప్రతిదాన్నీ ప్రతిదానితో పోలిస్తే 79,800 పోలికలు. ఎవరూ అలా చేయరు. నాయన ఒక్కో వరసలో ఎర్రగళ్ళు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టి అంచున రాసేవాడు. 37 ఎర్రగళ్ళున్న వరస 38 ఉన్నదానికి నకలు కాలేదు గనక, ఒకే అంకె ఉన్నవాటినే పక్కపక్కన పెట్టి చూడాలి. 400 కాస్తా చిన్నచిన్న గుంపులైపోతాయి. గుంపులో అయిదారు ఉంటాయి, వాటిని కళ్ళతోనే తేల్చుకోవచ్చు.

కొట్టేసిన అట్టల మీద అయితే ఇంకో పద్ధతి. రెండు అట్టల్ని ఒకదానిమీద ఒకటి సరిగ్గా ఆనించి కిటికీ వెలుగుకి పట్టుకోవడం. రెండూ ఒకటే అయితే ప్రతి రంధ్రంలోంచీ వెలుగు వస్తుంది. ఒకవైపు చూసి ఊరుకోకూడదు, తిప్పి రెండోవైపూ చూడాలి. పై అట్ట రంధ్రాలన్నీ కింది అట్టలోనూ ఉండి, కిందిదానికి ఇంకో రెండు ఎక్కువున్నాయనుకోండి, పైనుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. తిప్పినప్పుడు ఆ రెండు ఎక్కువ రంధ్రాల్లో వెలుగుకి బదులు అట్ట కనిపిస్తుంది. వానాకాలంలో అట్ట చెమ్మ పట్టి ఉబ్బితే ఈ పరీక్ష పనిచేయదు, రంధ్రాలు అర నూలు పక్కకి జరుగుతాయి. ఆ రోజుల్లో మగ్గమూ పనిచేయదు లెండి, సూదులు రంధ్రం దొరక్క అట్ట అంచుల్ని చింపేస్తాయి.

ఎర్రగళ్ళ లెక్కతో గుంపులు చేయడం కంటే మెరుగైన దారి ఒకటి మన తెలుగువాళ్ళ చేతిలో ఎప్పటినుంచో ఉంది. ఛందస్సు చదివినవాళ్ళకి అది తెలుసు. లఘువు, గురువు. మూడక్షరాలకి ఎనిమిది గణాలు రావడం, రెండుని మూడుసార్లు గుణిస్తే ఎనిమిది రావడం ఒకటే లెక్క. పద్యంలో పాదాన్ని ఒక వరసనుకుంటే ఉత్పలమాలకి నాలుగు వరసలు, కానీ రకం ఒక్కటే, ఎందుకంటే నాలుగు పాదాలకీ భ ర న భ భ ర వ. రెండు వరసల లుంగీ కంటే కూడా క్రమశిక్షణ ఎక్కువ.

పింగళుడి సంప్రదాయంలో ఉద్దిష్టం అనే లెక్క ఉంది. ఒక పాదం లఘుగురు క్రమం ఇస్తే, అన్ని అక్షరాల పాదాలన్నిటిలో అది ఎన్నోదో చెప్పే పద్ధతి. మా వీధి చివర ఉండే తెలుగు అయ్యవారు ఇది పలక మీద చేసి చూపించేవారు. అక్షరాల మీద ఎడమనుంచి 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ రాయాలి. లఘువుల మీద ఉన్న అంకెలు మాత్రం కూడాలి. చివర ఒకటి కలపాలి. ఉత్పలమాలకి లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో ఉంటాయి. వాటి అంకెలు కూడితే 3,55,798. ఒకటి కలిపితే 3,55,799. ఇరవై అక్షరాల పాదాలు మొత్తం 10,48,576 ఉంటే, అందులో ఉత్పలమాల 3,55,799వది. చంపకమాల ఇరవయ్యొకటి అక్షరాల వాటిలో 7,11,600వది. కావాలంటే మీరే కాగితం మీద వేసి చూసుకోండి, అయిదు నిమిషాల పని.

దీని గొప్ప ఎక్కడుందంటే, వేరు వరసకి ఎప్పుడూ వేరు అంకె వస్తుంది, ఒకే వరసకి ఎప్పుడూ అదే అంకె. ఎర్రగళ్ళ లెక్కలో 37 ఉన్నవి ఎన్నో ఉండొచ్చు. ఉద్దిష్టంలో అలా కుదరదు. అంటే వరసల్ని పోల్చే పనే లేదు. ప్రతి వరసకీ అంకె కట్టి, అంకెల్ని చిన్నదానినుంచి పెద్దదానికి పేర్చి, పక్కపక్కన వేరువేరుగా ఉన్నవి ఎన్నో చూస్తే సరిపోతుంది. అయ్యవారు పద్యాలకి వాడారు, నాయన అట్టలకి వాడలేదు. వాడివుంటే 120 గళ్ళ వరసకి 37 అంకెల సంఖ్య దాకా వస్తుంది. అట్ట అంచున అంత చోటు లేదు, మా ఇంట్లో అంత ఓపికా లేదు.

తర్వాత నేను వేలూరులో ఒక పరిశోధన విభాగంలో పట్టికలు ఎక్కించే ఉద్యోగంలో చేరాను. ఇంటింటి సర్వే కాగితాలు వచ్చేవి. బావి ఉందా, మరుగుదొడ్డి ఉందా, ఇంట్లో బీడీలు చుడతారా, మగ్గం ఉందా. ఉంటే 1, లేకపోతే 0. ఒక ఇంటికి ఒక వరస, ముప్పై ప్రశ్నలు. ముప్పై ప్రశ్నలకి వచ్చే వరసలు 107 కోట్లకి పైన. నిజంగా వచ్చేవి మాత్రం గుప్పెడే. మగ్గం ఉన్న ఇంటికి ఏమేం ఉంటాయో, ఏమేం ఉండవో చాలావరకు ముందే తెలుసు. మా మీద ఉన్న డాక్టరు గారు మొదటి రోజే "ఎన్ని రకాల ఇళ్ళు ఉన్నాయమ్మా ఇందులో?" అని అడిగారు. నాకు అది కొత్త ప్రశ్నలా అనిపించలేదు.

అక్కడ ఉద్దిష్టం పనికొచ్చింది. కంప్యూటరులో వరసని రెట్టింపు అంకెలతో కూడి ఒక సంఖ్య చేయడం ఒక్క గీత పని. కానీ అందులో ఒక గొయ్యి ఉంది, ఎవరు దిగినా చెబుతారు. మామూలు లెక్కల ప్రోగ్రాములు సంఖ్యల్ని దాచే తీరులో రెండుని 53 సార్లు గుణించినంత దాకానే ప్రతి పూర్ణాంకం ఖచ్చితంగా నిలుస్తుంది. అది పదహారంకెల సంఖ్య. ముప్పై ప్రశ్నలకి దిగులు లేదు. డెబ్భై ప్రశ్నలైతే చివరి అంకెలు గుండ్రమైపోయి, రెండు వేరువేరు ఇళ్ళు ఒకటే ఇల్లయిపోతాయి. లోపం కనబడదు, లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది, అంతే. అలాంటప్పుడు వరసని రెండు ముక్కలు చేసి రెండు సంఖ్యలుగా దాచాలి, లేదా సున్నాలూ ఒకట్లని అంకెగా కాకుండా అక్షరాలుగానే అంటించి పేర్చాలి. అట్టలనైతే రెండోవైపు తిప్పి చూడమన్నట్టే, ఇక్కడా రెండో దారిలో ఒకసారి లెక్కేసి రెండు జవాబులూ కలిశాయో లేదో చూసుకోవడం నాకు అలవాటైంది.

ఈలోగా ఊళ్ళో మగ్గాలు తగ్గుతూ వచ్చాయి. 1985 చట్టం చేమగ్గానికే కేటాయించిన గుడ్డల్లో లుంగీ కూడా ఉంది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1993లో నిలిచింది. చట్టం కాగితం మీద నిలబడ్డా మరమగ్గం లుంగీ అంగట్లో నిలబడింది. 1983లో బోనాస్ అనే ఇంగ్లండు కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డుని చూపించాక, అట్టల పనికీ రోజులు దగ్గర పడ్డాయి. ఇప్పుడు డిజైను పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. నకలు వరస వచ్చిందని మొహం వెలిగే మనిషి ఆ పనిలో లేడు. యంత్రానికి పదకొండో వరస అయినా, పదకొండో దాని మాదిరే ఉన్న యాభయ్యో వరస అయినా ఒకటే ఖర్చు, అంటే ఏమీ లేదు.

అయితే లెక్క మాయమైపోలేదు, అడ్డ వరసల నుంచి నిలువు వరసల్లోకి జరిగింది. అంచుల్లో చిన్న పువ్వులు నేయడానికి జకార్డు కాకుండా, విళుదుల్ని లేపి దించే డాబీ యంత్రం వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు, ధర తక్కువ, వేగం ఎక్కువ. డాబీకి పేకలు ఎన్నయినా ఉండొచ్చు, విళుదులు మాత్రం లెక్కకి మించకూడదు, చాలా యంత్రాల్లో ఇరవై చిల్లర. కాబట్టి డిజైను గీసే సాఫ్టువేరు తెరపైన పువ్వు పక్కనే ఒక అంకె చూపిస్తుంది: ఇందులో నిలువు వరసలు ఎన్ని రకాలు. మా చెల్లెలి కూతురు ఆ పని చేస్తుంది. మొన్నొక మల్లెమొగ్గ అంచు గీస్తే అంకె 22 వచ్చింది, వాళ్ళ మగ్గానికి 20 విళుదులే. తొడిమ దగ్గర ఒక గడి నింపి, రేకు చివర ఒక గడి చెరిపితే రెండు జతల నిలువు వరసలు ఒకటైపోయాయి, అంకె 20కి దిగింది. మొగ్గ కొంచెం బొద్దుగా తయారైంది. కొనేవాళ్ళు అది అలాగే గీశారనుకుంటారు.